గౌరామికి వీలునామా

మా అమ్మాయి పెళ్ళయి హబ్సిగూడలో కాపురం పెట్టిన నెలకే, ఆమె మంచం ఉండే చోట ఆరడుగుల చేపల తొట్టి తెచ్చి పెట్టించుకున్నాను. అప్పటిదాకా హాల్లో చిన్న తొట్టి ఒకటి ఉండేది. అందులోని గౌరామి చేప కొన్నప్పుడు బొటనవేలంత. కొన్నేళ్ళకే జానెడు దాటి, ఒళ్ళు తిప్పుకోవడానికి చోటు లేక, తోక అద్దానికి ఆనించి నిలబడేది. అమ్మాయి గది ఖాళీ కాగానే నాకు ముందు గుర్తొచ్చింది అదే. ఆ సంగతి మీద అమ్మాయికి ఇప్పటికీ కోపమే. తన అప్పగింతలు అయ్యాయో లేదో తన గదిలో చేపలు దిగాయని చుట్టాలందరికీ చెబుతుంది.

మాది కడప వైపు. ఉద్యోగాల కోసం హైదరాబాదు వచ్చి, తార్నాకలో యూనివర్సిటీ గోడకు దగ్గరగా కింది అంతస్తు ఇల్లు కొనుక్కున్నాం. నేను యూనివర్సిటీ లైబ్రరీలో కొత్త పుస్తకాలకు నంబర్లు వేసే విభాగంలో పనిచేసేదాన్ని. మా ఆయన బీమా కంపెనీలో. ఆయనకు చేపలంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నట్టే తొట్టీ ఉంది అనుకునేవాడు.

కొత్త తొట్టిలోకి వెళ్ళాక గౌరామి మూరెడైంది. బూడిదరంగు ఒళ్ళు, ఉబ్బిన నుదురు, లావుపాటి పెదవులు. ఎవరొచ్చినా అద్దం దగ్గరికి వచ్చి ఎగాదిగా చూసేది. పాలకూర కాడలు, అరటిపండు నా చేతిలోంచే తీసుకు తినేది. మేం దాన్ని పెద్దాయన అనేవాళ్ళం. దానితోపాటు ఐదు లోచ్ చేపలు ఉండేవి. నారింజరంగు మీద మూడు నల్ల పట్టీలతో, చిన్న పులిపిల్లల్లా ఉంటాయి. అవి పక్కకు ఒరిగి నిద్రపోతాయి. మొదటిసారి చూసినవాళ్ళు చచ్చిపోయాయనే అనుకుంటారు. కడుపు నిండితే నోటితో టక్కుటక్కుమని చప్పుడు చేస్తాయి, గది బయటికి కూడా వినిపిస్తుంది. ఇవి పాతికేళ్ళు బతుకుతాయని అమ్మినతను చెప్పినప్పుడు సంతోషించానే గానీ, అప్పటికి నా వయసెంత ఉంటుందో లెక్క వేసుకోలేదు.

ఒక ఆదివారం పొద్దున తొట్టిలో నీళ్ళు మారుస్తుంటే పైపు జారి గదంతా నీళ్ళయ్యాయి. పైపు పట్టుకోబోయి నేనూ జారాను. కుడి మణికట్టు విరిగింది. ఆరువారాలు కట్టు విప్పకూడదన్నారు. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మా ఆయన గది తుడిచి, చేపల పని ఇక తనదేనని ప్రకటించాడు. నాకు ముచ్చటేసింది.

ఆ ముచ్చట నాలుగు రోజులే. పెద్దాయన అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరిచినప్పుడల్లా ఆకలేమోనని ఈయన ఏదో ఒకటి వేసేవాడు. నేను మందులేసుకుని పడుకుని ఉండగా ఉదయం ఇడ్లీ కూడా పెట్టాడట. ఐదో రోజు చూస్తే నీళ్ళు విరిగిన పాలలా ఉన్నాయి. గాబరాపడి సగం నీళ్ళు తోడేసి, కుళాయి నీళ్ళు నేరుగా పట్టేశాడు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో ఒకరోజు నిలవ ఉంచి పొయ్యాలి, లేదా మందు చుక్కలు వెయ్యాలి. లోచ్‌లు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. నేను ఎడమచేత్తో సీసా వెతికి మందు వేసి, పంపు పెంచి, కుర్చీ వేసుకుని మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. ఒక్కటి కూడా చావలేదు. కానీ మా ఆయన మొహం మాత్రం పాలిపోయింది.

"నువ్వు లేకుంటే ఇవి నాలుగు దినాలు గూడ బతకవు. నాకు భయమైతాంది" అన్నాడు.

ఆయన అన్నది చేపల గురించే. నాకు మాత్రం ఆ మాట చాలాసేపు చెవిలోనే ఉండిపోయింది. నా తర్వాత వీటికి దిక్కెవరు అన్న ఆలోచన మొదలైంది ఆ రోజే.

ముందు అమ్మాయిని అడిగాను. తను మొహమాటపడే రకం కాదు. వాళ్ళది మూడో అంతస్తు అద్దె ఫ్లాటు. "అమ్మా, అది దాదాపు ఏడొందల లీటర్లు. మా ఓనర్ వాషింగ్ మెషిన్‌కే మూతి ముడుచుకున్నాడు" అంది. తర్వాత చేపలమ్మే అతనికి ఫోన్ చేశాను. వెనక్కి తీసుకుంటానన్నాడు. కానీ అంత పెద్ద గౌరామిని ఎవరు పెంచుకుంటారని అడిగితే, హోటల్ వాళ్ళు కూడా అడుగుతుంటారని ఎంతో మామూలుగా చెప్పాడు. ఫోన్ పెట్టేశాను. జంతుశాస్త్రం పాఠాలు చెప్పే స్నేహితురాలు తమ మ్యూజియంలో చోటుందన్నది. తీరా కనుక్కుంటే ఆ చోటు గాజు సీసాలో, మందునీళ్ళలో. పెద్దాయన సీసాలోంచి నన్నే చూస్తున్నట్టు ఊహించుకుని ఇద్దరం నవ్వుకున్నాం గానీ, సమస్య అక్కడే ఉంది.

అప్పుడే ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు, బస్సులు ఆగిపోయాయి. మా లైబ్రరీకి తాళం పడింది. క్యాంపస్‌లో టెంట్లు, ఊరేగింపులు, గేటు దగ్గర ముళ్ళకంచెలు. టియర్ గ్యాస్ పేలిన రోజున ఆ ఘాటు మా సందులోకి వచ్చేది. తొట్టి పంపు గదిలో గాలినే పీల్చి నీళ్ళలోకి వదులుతుంది కాబట్టి, కిటికీలు మూసి, పంపు కాసేపు ఆపి, తొట్టి మీద తడిదుప్పటి కప్పేవాళ్ళం. బొగ్గు గనుల వాళ్ళు కూడా సమ్మెలోకి దిగడంతో కరెంటు కోతలు వచ్చాయి. రోజుకు మూడుగంటలు, నాలుగుగంటలు. కరెంటు లేకపోతే పంపు లేదు, పంపు లేకపోతే లోచ్‌లకు ఊపిరి చాలదు. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి ఉండేది. అది రెండురోజులు గురగురలాడి ఆగిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం కోత సమయంలో నేను ఎడమచేత్తో మగ్గుతో నీళ్ళు ముంచి, పైనుంచి తొట్టిలోకే ధారగా పోస్తున్నాను. అలా పోస్తే నీళ్ళలోకి గాలి చేరుతుంది. తలుపు తీసే ఉంది. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసే బైండింగ్ సెక్షన్‌లో పనిచేసే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో మక్కగారెల డబ్బా.

ఆమె వస్తుందని నేననుకోలేదు. ఆమెది గోల్నాక. మేం ఆరుగురం ఆడవాళ్ళం ఏళ్ళ తరబడి ఒకే బల్ల దగ్గర మధ్యాహ్నం అన్నం తినేవాళ్ళం. ఉద్యమం వేడెక్కాక, ఎవరూ ఎవరినీ ఏమీ అనకుండానే, ఆ బల్ల రెండు బల్లలైంది. ఆమె ఆ బల్ల, నేను ఈ బల్ల. వరండాలో ఎదురుపడితే నవ్వుకునేవాళ్ళం, అంతే. క్యాంపస్ టెంటులో ముందువరుసలో కూర్చుని పాటలెత్తుకునేది ఆమేనని తెలుసు. ఆ టెంటులోంచి లేచి నేరుగా మా ఇంటికి వచ్చింది.

"చెయ్యి ఇరిగిందంట గద మేడం. చూసి పోదామని వచ్చిన. గిదేంది, ఇరిగిన చెయ్యితోని ఏం చేస్తున్రు మీరు?" అంది. పాటలు పాడి పాడి గొంతు బొంగురుపోయి ఉంది.

చెప్పాను. డబ్బా కింద పెట్టి, కొంగు బిగించి, నా చేతిలో మగ్గు లాక్కుంది. కరెంటు వచ్చేదాకా, అంటే రెండుగంటలపాటు, ఆపకుండా పోసింది. పెద్దాయన ఆ ధార కిందికి వచ్చి వీపు పెట్టి నిలబడ్డాడు. అది చూసి ఆమె చిన్నపిల్లలా నవ్వింది. మా ఇంట్లో ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి.

నీళ్ళు పోస్తూనే, తలెత్తకుండా అడిగింది. "రాష్ట్రమొస్తే మీరు పోతరా మేడం?"

ఆ ప్రశ్న ఆ రోజుల్లో మమ్మల్ని అందరూ అడిగేవాళ్ళు. ఊరి నుంచి చుట్టాలు ఫోన్ చేసి అడిగేవాళ్ళు. రాత్రి భోజనాల దగ్గర మేమిద్దరం ఒకరినొకరం అడిగేవాళ్ళం. కానీ ఇలా ఎదురుగా నిలబడి అడిగింది ఆమె ఒక్కతే. అందుకే నేనూ ఉన్నదున్నట్టు చెప్పాను. ఎక్కడికి వెళ్ళాలో మాకు తెలియదని, మా అమ్మాయి పుట్టింది ఇక్కడేనని, ఒకవేళ వెళ్ళాలన్నా ఈ తొట్టిని ఏ లారీలో వేసుకుని వెళ్ళాలని అన్నాను.

"మిమ్మల్ని పొమ్మన్నదెవరు? మా కొలువులు మాకు కావాల్నంటున్నం. మీరు ఉండుండ్రి. అయినా పోవుడే అయితే, గీ చేపలను మాత్రం నాకు ఇచ్చి పోండ్రి" అంది.

అది వేళాకోళమే. కానీ నేను ఆమె చేతులకేసి చూశాను. జిగురు, అట్టలు, సూదులతో ఇరవై ఏళ్ళు పనిచేసిన చేతులు. మగ్గు ఒకే ఎత్తు నుంచి ఒకే తీరుగా వంగుతోంది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. కోత వేళలు పేపర్లో వేసేవాళ్ళు, అవి చూసుకుని టెంటు నుంచి వచ్చేది. మూడోరోజున ఒక ఖాళీ పెయింటు బకెట్టు, పుస్తకాలు కుట్టే దబ్బనం తెచ్చింది. బకెట్టు అడుగున వరసగా కంతలు పొడిచి, కిటికీ ఊచకు తాడు కట్టి తొట్టి మీద వేలాడదీసింది. బకెట్టు నింపితే తొట్టిలో సన్నగా వాన పడేది. మా ఆయన తొట్టిలో నీళ్ళు ముంచి బకెట్టులో పోస్తూ, ఇడ్లీ పాపం కొంత కడుక్కున్నాడు. లోచ్‌లు ఆ వాన కింద పైకీ కిందికీ పరుగులు పెట్టేవి. బతుకమ్మ రోజున ఆమె పట్టుచీర కట్టుకుని, జడలో గునుగుపూలతో వచ్చి, సగం తడిసి, మళ్ళీ క్యాంపస్‌కు ఆటకు వెళ్ళింది. వెళ్తూ నన్నూ తీసుకెళ్ళింది. కట్టు కట్టిన చేయి వల్ల చప్పట్లు కొట్టలేక, ఎడమచేత్తో ఆమె భుజం మీద తాళం వేస్తూ తిరిగాను.

సమ్మె ముగిసింది, నా కట్టూ విప్పారు. ఒక ఆదివారం అమ్మాయినీ ఆమెనూ భోజనానికి పిలిచాను. భోజనాలయ్యాక అసలు విషయం ఎత్తాను. నాకేమైనా అయితే చేపలు ఎవరివి? ఆమె తడుముకోలేదు. గోల్నాకలో వాళ్ళది సొంత ఇల్లు, నేల మీద వేసిన గచ్చు కాబట్టి తొట్టి బరువు ఆగుతుంది, బోరు నీళ్ళున్నాయి, ఇంట్లో అత్త రోజంతా ఉంటుంది అని తనే వరసగా చెప్పింది. ఆ నీళ్ళు చేపలకు పడతాయో లేదో ముందే పరీక్ష చేయించాలన్నాను. ఒక సీసాలో పట్టి తెస్తానంది.

మా ఆయనకు ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. జీవితమంతా బీమా ఫారాలు నింపిన మనిషి. తెల్లకాగితం తీసి, పైన "నామినీ" అని రాసి గీత గీశాడు.

"ఒక చిక్కున్నది సార్" అంది ఆమె గంభీరంగా. "పెద్దాయన లోకలా, నాన్ లోకలా? రేపు అడుగుతరు."

గౌరామి కలకత్తా నుంచి వచ్చిందని, లోచ్‌లు ఏ సముద్రాల అవతలి నుంచో వచ్చాయని అమ్మాయి చెప్పింది. "తార్నాకలో పదేళ్ళు ఉంటే లోకల్ కిందే రాసుకోండి నాన్నా" అంది. అందరం కడుపు పట్టుకుని నవ్వాం. నెలల తరబడి ఆ మాటలు వినిపిస్తే అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజు మా గదిలో చేపల ముందు అవే మాటలకు నవ్వొచ్చింది.

తర్వాత పని మొదలైంది. వీలునామా అని పేరు పెట్టుకున్నాం గానీ, అది నిజానికి ఒక నోటుబుక్కు. ఎవరికి ఎంత తిండి, వారంలో ఏరోజు పస్తు, ఎన్నాళ్ళకు ఎన్ని నీళ్ళు మార్చాలి, చలికాలంలో హీటరు ఎంతమీద పెట్టాలి, ఫిల్టరు స్పాంజిని కుళాయి నీళ్ళలో ఎందుకు కడగకూడదు, లోచ్ ఒరిగి పడుకుంటే ఎప్పుడు కంగారుపడాలి, ఎప్పుడు అక్కర్లేదు. నేను చెప్పింది రాయడం కాదు, ఆమె అడిగింది రాశాను. పెద్దాయన ఒకవేళ ముందుపోతే లోచ్‌లు దిగులు పడతాయా అంది. నాకు తెలియదని అలాగే రాశాను. నోటుబుక్కు నిండాక ఆమె దానికి ఎర్రటి క్యాలికో గుడ్డతో లైబ్రరీ పుస్తకానికి వేసినట్టే గట్టి అట్ట వేసి తెచ్చింది.

రాసుకున్నంత మాత్రాన సరిపోదని మా ఆయన పట్టుబట్టాడు. మా అక్క మనవరాలి పెళ్ళికి కడప వెళ్ళాల్సివచ్చినప్పుడు, ఇంటితాళం ఆమెకిచ్చి వారంపాటు చేపలను అప్పగించాం. నేను రోజుకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోరోజున, "మేడం, చేపలు మంచిగనే ఉన్నయి. మీ ఫోనొస్తే నాకే బీపీ పెరుగుతున్నది. పెళ్ళి చూసుకోండ్రి" అని పెట్టేసింది. నేను పెళ్ళి చూసుకున్నాను. వచ్చేసరికి నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు క్యాంపస్‌లో రంగులు చల్లుకున్నారు, మా సందులో పటాకులు కాల్చారు. ఆమె నుదుటిన గులాల్‌తో వచ్చి నా బుగ్గలకూ పూసి, మా ఆయన నోట్లో మిఠాయి పెట్టింది. మేం ఎక్కడికీ వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళమనలేదు. ఆ మరుసటి సోమవారం లైబ్రరీలో ఆమె తన క్యారియర్ తెచ్చి మా బల్ల మీద పెట్టింది.

మణికట్టు మాత్రం మునుపటిలా కుదురుకోలేదు. బకెట్లు ఎత్తవద్దని డాక్టరు రెండోసారి గట్టిగా చెప్పాడు. నేను ఎత్తుతూనే ఉన్నాను. ఒకరోజు మా ఆయన తొట్టి ముందు నిలబడి, "వీలునామా మనం పోయినంకనే అమలు చెయ్యాలని యాడుంది? ఉండంగానే ఇస్తే కండ్లారా చూసుకోవచ్చు గదా" అన్నాడు. రెండురోజులు ఆ ఎర్ర అట్ట నోటుబుక్కు తిరగేస్తూ ఆలోచించాను. మూడోరోజు ఆమెకు ఫోన్ చేశాను.

చలి తగ్గిన ఒక పొద్దున ట్రాలీ ఆటో వచ్చింది. పాత నీళ్ళు సగం డ్రమ్ముల్లో పట్టాం, ఇసుక, స్పాంజి తడి ఆరకుండా మూటలు కట్టాం. లోచ్‌లను థర్మాకోల్ డబ్బాలో, పెద్దాయనను వలమూత కట్టిన నీలం డ్రమ్ములో దింపి, ఖాళీ తొట్టిని దుప్పట్లు చుట్టి ఆటోలోకి ఎక్కించాం. మా ఆయన ఆటో వెనక కూర్చుని డ్రమ్మును రెండుచేతులా కావలించుకున్నాడు. ముందు నేను, వెనక స్కూటర్ మీద ఆమె. క్యాంపస్ మీదుగా, అంబర్‌పేట దాటి గోల్నాక. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నీళ్ళు ఎగిరి మా ఆయన చొక్కా తడిపాయి. ఎర్రలైటు దగ్గర పక్కన ఆగిన బైకు అతను డ్రమ్ములో ఏముందని అడిగితే, "మా బావమరిది" అన్నాడట.

ఆమె అత్త గుమ్మంలో ఎర్రనీళ్ళ పళ్ళెంతో నిలబడి ఉంది. డ్రమ్ముకు మూడుసార్లు దిష్టి తీసి వాకిట్లో పోసింది. ఆ తర్వాతే లోపలికి దించనిచ్చింది. సాయంత్రానికి తొట్టి నిలబడింది, పంపు మొదలైంది. లోచ్‌లు ఒక రాయి కింద దూరి నిద్రపోయాయి. ఆ ముసలమ్మ భయపడబోతే, ఒరిగి పడుకోవడం వాటి అలవాటని కోడలే చెప్పింది. నేను నోరు విప్పాల్సిన అవసరం రాలేదు.

పెద్దాయన నాలుగురోజులు ఏమీ తినలేదు. నేను కూడా సరిగ్గా తినలేదని మా ఆయన అంటాడు. ఐదోరోజు ఉదయం ఆమె ఫోన్ చేసి, అత్త చేతిలోంచి అరటిపండు ముక్క తీసుకున్నాడని చెప్పింది. ముందు ఎంతో తేలికైంది. ఆ వెనకే కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది, దాచడమెందుకు.

ఇంట్లో గది బోసిగా ఉంటుందని నేను భయపడ్డాను గానీ, తట్టుకోలేకపోయింది మా ఆయన. ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తుంటే అడిగితే ట్రాఫిక్ అనేవాడు. తర్వాత తెలిసింది, వారానికి రెండుసార్లు గోల్నాకలో దిగి, చేపలను చూసి, ఆ అత్త ఇచ్చిన టీ తాగి వస్తున్నాడట. నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. మొదట్లో నీళ్ళలో వేలు పెట్టి చూసేదాన్ని, స్పాంజి పిండి చూసేదాన్ని. ఏ తప్పూ దొరకదు. మెల్లగా చూడడం మానేశాను.

ఒక ఆదివారం వెళ్ళేసరికి పెద్దాయన అద్దం దగ్గరే ఉన్నాడు. పాలకూర కాడ నీళ్ళలో పెట్టి పిలిచాను. నన్ను ఎగాదిగా చూసి, వెనక్కి తిరిగి, తొట్టి అవతలి మూల స్టూలు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆ ముసలమ్మ వైపు వెళ్ళిపోయాడు. ఆమె ఒక గింజ తీసి ఇటు చూడకుండానే నీళ్ళలో వేసింది. టప్పున అందుకున్నాడు. నాకు నవ్వాగలేదు. కోడలు వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె కూడా నవ్వి, నా చేతిలో కాడ తీసి పక్కన పెట్టి, పచ్చిపులుసు కలిపిన అన్నం గిన్నె నా ఒళ్ళో పెట్టింది.

"ముందుగాల మీరు తినుండ్రి మేడం" అంది. అక్కడే నేల మీద కూర్చుని, తొట్టికి వీపు ఆనించి, తిన్నాను. వెనక లోచ్‌లు టక్కుటక్కుమంటున్నాయి.